బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ గ్రాంటు ఎందుకు తగ్గింది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. న్యూజెర్సీలో ఉంటున్నారు. అమ్మాయికి న్యూ ఇంగ్లండ్‌లో (అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలు) ఒక ప్రైవేట్ కాలేజీలో సీటు వచ్చింది. ఏడాదికి అన్నీ కలిపి ఖర్చు 88,000 డాలర్లు. అందులో 41,000 మీరు పెట్టుకోగలరని కాలేజీ లెక్కగట్టి, మిగతా 47,000కి ప్యాకేజీ ఇచ్చింది: గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సహాయం) 41,000, సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతున్నంతకాలం వడ్డీ ప్రభుత్వమే భరించే అప్పు) 3,500, వర్క్-స్టడీ (చదువుకుంటూ పనిచేసి తెచ్చుకునే జీతం) 2,500. తర్వాత అమ్మాయి రెండు బయటి స్కాలర్‌షిప్‌లు తెచ్చుకుంది. మీ కంపెనీ ఫౌండేషన్ నుంచి 6,000, మీ ఊరి క్లబ్బు నుంచి 3,000. కాలేజీ పోర్టల్‌లో ఆ వివరాలు పెట్టగానే కొత్త లెటర్ వచ్చింది. లోన్ లేదు, వర్క్-స్టడీ లేదు, గ్రాంటు 38,000కి దిగింది. మీరు కట్టాల్సిన 41,000 మాత్రం చెక్కుచెదరలేదు. ఇది అన్యాయం కాదా, చెప్పకుండా ఊరుకుంటే సరిపోయేదా, స్టేట్ యూనివర్సిటీలో ఇలా చేయరంటున్నారు నిజమేనా అని అడిగారు.

నేను చాలాకాలం ఒక కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు మనవాళ్ల పిల్లల అవార్డ్ లెటర్లు చూసి సలహా చెబుతుంటాను. ముందు మీ మూడు ప్రశ్నలకీ పొట్టి జవాబులు. కాలేజీ చేసింది దాని నిబంధనల ప్రకారం తప్పు కాదు గానీ, మీరు ఒప్పేసుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. ఆ పోయిన 3,000 తిరిగి రాబట్టుకునే దారి మీ కేసులో కనిపిస్తోంది. దాచిపెట్టడం మాత్రం అసలు దారి కాదు. స్టేట్ యూనివర్సిటీ మాట మీ వరకు నిజమే, అందరి విషయంలోనూ కాదు.

ఇక వివరంగా.

బయటి స్కాలర్‌షిప్ విలువ చెక్కు మీద రాసిన అంకె కాదండీ. అది మీ ప్యాకేజీలో ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి దాని విలువ తేలుతుంది. కాలేజీ ఖర్చులో మీ వాటా తీసేస్తే మిగిలేదాన్ని నీడ్ అంటారు. మీ వాటా లెక్క ఫాఫ్సాలో (ఫెడరల్ ప్రభుత్వ సహాయానికి పెట్టే దరఖాస్తు) అయితే ఎస్ఏఐ, అంటే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే అంకెగా వస్తుంది (2024-25 నుంచి ఈ పేరు, అంతకుముందు ఈఎఫ్‌సీ అనేవారు). సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు ఇంకా లోతుగా అడిగే మరో దరఖాస్తు) అడిగే ప్రైవేట్ కాలేజీలు సొంత ఫార్ములాతో ఇంకో అంకె తేలుస్తాయి. మీ 41,000 అలా వచ్చిందే. ఈ నీడ్‌ని కాలేజీ పూర్తిగా పూడ్చిందా, సగం పూడ్చి వదిలేసిందా, అసలు మీకు నీడే లేదని తేల్చిందా? ఈ మూడింటిలో మీది ఏదో తెలిస్తే బయటి డబ్బుకి ఏమవుతుందో దాదాపుగా ముందే చెప్పేయొచ్చు.

పూర్తిగా పూడ్చని కాలేజీలు చాలా ఉన్నాయి. నీడ్ 25,000 ఉంటే 15,000 ఇచ్చి, మిగతా పదివేలు మీరే చూసుకోండి అంటాయి. అక్కడ బయటి స్కాలర్‌షిప్ వస్తే ముందు ఆ గ్యాప్‌లో పడుతుంది. సాధారణంగా ఎవరూ ఏమీ తగ్గించరు. నీడే లేని కుటుంబాలకు, అంటే ఎస్ఏఐ కాలేజీ ఖర్చు కంటే ఎక్కువగా ఉన్నవాళ్లకు, తగ్గించడానికి నీడ్ ఆధారిత సహాయమే ఉండదు. మెరిట్ స్కాలర్‌షిప్ ఉంటే దాని మీద బయటిది చేరుతుంది. మొత్తం సహాయం కాలేజీ ఖర్చుని దాటనంతవరకు పేచీ రావడం అరుదు. చిక్కంతా మొదటి రకంతోనే, అంటే మీ కాలేజీ లాంటి, నీడ్‌ని నూటికి నూరుపాళ్లు పూడుస్తామని చెప్పే కాలేజీలతో. ఖాళీయే లేని చోట కొత్త డబ్బు వస్తే ఏదో ఒకటి బయటికి జరగాలి. దీన్నే స్కాలర్‌షిప్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు.

ఏది జరగాలన్నది కాలేజీ పాలసీ. మర్యాదగల కాలేజీలు ముందు లోన్, తర్వాత వర్క్-స్టడీ తీసేసి, అవి అయిపోయాకే గ్రాంటు మీదికి వస్తాయి. మీ కాలేజీ చేసింది అదే. కొన్ని కాలేజీలు మొదటి డాలర్ నుంచే సగం లోన్‌లో, సగం గ్రాంటులో కోస్తాయి. నేరుగా గ్రాంటే కోసేవీ ఉన్నాయి. ఆ రకంగా చూస్తే మీ 9,000లో 6,000 వృథా పోలేదు. 3,500 అప్పు తప్పింది, అది అమ్మాయి పేరు మీద ఉండేది. వర్క్-స్టడీ 2,500 ఎవరో చేతిలో పెట్టే డబ్బు కాదు, లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో గంటల లెక్కన పనిచేసి తెచ్చుకోవాల్సిన జీతం. గంటకి 15 డాలర్లు అనుకున్నా 160 గంటల పైమాటే. మొదటి ఏడాది ఇంజినీరింగ్ కోర్సులతో కుస్తీ పట్టే పిల్లకి ఆ గంటలు మిగలడం చిన్న విషయం కాదు. మనవాళ్లు లోన్, వర్క్-స్టడీ పోవడాన్ని కూడా నష్టం ఖాతాలో రాసుకుంటారు. అది సరికాదు. నిజంగా పోయింది 3,000.

ఆ 3,000 గురించి ఫోన్ చేస్తే ఆఫీసులో "ఫెడరల్ రూల్ అండీ, మా చేతుల్లో లేదు" అని చెప్పి ఉంటారు. ఇది సగం నిజం. ఫెడరల్ రూల్ చెప్పేదేమిటంటే, నీడ్‌ని బట్టి ఇచ్చే ఫెడరల్ సహాయం, అంటే సబ్సిడైజ్డ్ లోన్, వర్క్-స్టడీ, ఎస్ఈఓజీ (బాగా అవసరం ఉన్నవాళ్లకి ఇచ్చే ఫెడరల్ గ్రాంటు) లాంటివి, మిగతా సహాయంతో కలిపి నీడ్‌ని దాటకూడదు. దాటితే సరిచేయాలి. మీ కేసులో లోన్, వర్క్-స్టడీ రెండూ తీసేశాక ప్యాకేజీలో ఫెడరల్ డబ్బు ఒక్క డాలర్ కూడా మిగల్లేదు. ఇక అక్కడి నుంచి కాలేజీ సొంత గ్రాంటు తగ్గించమని ఫెడరల్ ప్రభుత్వం ఏమీ చెప్పలేదు. అది కాలేజీ తన డబ్బు గురించి తాను పెట్టుకున్న నియమం. ఈ తేడా తెలిసి మాట్లాడితే అవతలి గొంతు మారుతుంది. కాలేజీ పాలసీ అయితే దాన్ని సడలించే అధికారం కూడా ఆ భవనంలోనే ఎవరికో ఉంటుంది.

కాలేజీల వాదన కూడా వినాలి. గ్రాంటు డబ్బు పరిమితం, మీ నీడ్‌లో కొంత బయటివాళ్లు తీర్చారు కాబట్టి ఆ 3,000 ఇంకో పిల్లకి ఇస్తాం అంటారు. ఆఫీసులో ఉన్నప్పుడు నేనూ అదే చెప్పేవాణ్ణి, అందులో అబద్ధం లేదు. కానీ ఫలితం ఎవరి మీద పడుతుందో చూడండి. మీ పక్కింటి కుటుంబానికి ఇద్దరి జీతాలూ పెద్దవి, నీడ్ సున్నా. వాళ్లబ్బాయికి అదే క్లబ్బు అదే 3,000 ఇస్తే, అది మొత్తం వాళ్ల జేబులోనే మిగులుతుంది. మీ అమ్మాయికి వచ్చింది మాత్రం కాలేజీ ఖాతాలోకి పోతుంది. క్లబ్బు వాళ్లు చందాలు పోగుచేసి ఇచ్చిన డబ్బు చివరికి పెద్ద ఎండోమెంట్ (విరాళాలతో కూడిన నిధి) ఉన్న కాలేజీకి ఆదా అవుతుంది. దాతలకి ఈ సంగతి తెలిస్తే చాలామందికి మండుతుంది. అందుకే కొన్ని ఫౌండేషన్లు "మా డబ్బు వల్ల గ్రాంటు తగ్గిస్తే చెక్కు వెనక్కి పంపండి" అని షరతు పెడుతున్నాయి.

ఇక మీరు చేయాల్సింది. రెండు స్కాలర్‌షిప్‌లూ ఒకే ఏడాదిలో పడ్డాయి కాబట్టే 3,000 పొంగిపోయింది. మీ ప్యాకేజీలో లోన్, వర్క్-స్టడీ కలిపి 6,000 ఉన్నాయి. మీ కంపెనీ ఫౌండేషన్ ఇచ్చిన 6,000 సరిగ్గా అందులో పట్టేస్తుంది. క్లబ్బు 3,000 రెండో ఏడాదికి వాయిదా పడితే, అప్పుడు మళ్లీ కొత్త లోన్, కొత్త వర్క్-స్టడీ ఉంటాయి. రెండో ఏడాది సబ్సిడైజ్డ్ లోన్ పరిమితి 4,500కి పెరుగుతుంది. ఆ 3,000 హాయిగా దాన్ని తగ్గిస్తుంది, గ్రాంటు జోలికి పోదు. కాబట్టి అమ్మాయి చేత క్లబ్బు వాళ్లకి ఒక ఉత్తరం రాయించండి. కాలేజీ పంపిన రెండు లెటర్లూ జతచేసి, మీ డబ్బు నాకు అందాలంటే వచ్చే ఏడాది ఇస్తే మేలు అని చెప్పమనండి. చిన్న క్లబ్బులు సాధారణంగా ఒప్పుకుంటాయి, ఎందుకంటే నిర్ణయం తీసుకునేది ఒక కమిటీలో నలుగురైదుగురు మనుషులు. కార్పొరేట్ ఫౌండేషన్లకి సిస్టమ్‌లో ఏడాది మార్చడం కష్టం. అందుకే కంపెనీది ఈ ఏడాదికి, క్లబ్బుది వచ్చే ఏడాదికి అన్నాను. చెక్కు ఇప్పటికే కాలేజీకి చేరిపోయి ఉంటే ముందు క్లబ్బు ఒప్పుకుని, తర్వాత కాలేజీని దాన్ని తిప్పి పంపమని వాళ్లే కోరాలి. మీరు కోరితే పని జరగదు.

క్లబ్బు ఒప్పుకోకపోతే కాలేజీ దగ్గర అడగాల్సినవి మరో రెండు ఉన్నాయి. మొదటిది ఆ 41,000 లోపల ఏముందన్నది. లెటర్‌లో ఒకే అంకెగా కనిపిస్తుంది గానీ, ఇలాంటి కాలేజీల్లో అది సాధారణంగా రెండు ముక్కలు: తల్లిదండ్రుల వాటా, విద్యార్థి వాటా. విద్యార్థి వాటా అంటే వేసవిలో పనిచేసి సంపాదించాల్సింది, తన పేరు మీద బ్యాంకులో ఉన్నదాంట్లో కొంత. కొన్ని కాలేజీలు బయటి స్కాలర్‌షిప్‌ని ఈ వేసవి వాటాకి బదులుగా వాడుకోనిస్తాయి. అడిగితేనే చెబుతాయి, అదే వీటితో వచ్చిన బాధ. మీ అమ్మాయి వేసవి వాటా రెండువేలు ఉందనుకోండి, ఆ మేరకు 41,000 నుంచే తగ్గుతుంది, అంటే మీ చేతి నుంచి పోయేది తగ్గుతుంది.

రెండోది ఖర్చు అంకెనే పెంచమనడం. 88,000లో ట్యూషన్, గది, భోజనంతో పాటు పుస్తకాలు, ప్రయాణం, చేతిఖర్చు కూడా అంచనాగా వేసి ఉంటాయి. చదువుకి ల్యాప్‌టాప్ కొనాల్సి వస్తే చాలా కాలేజీలు ఒకసారికి ఆ ఖర్చు కలుపుతాయి. మీ ఇన్సూరెన్స్ ఆ రాష్ట్రంలో పనికిరాక కాలేజీ హెల్త్ ప్లాన్ తీసుకోవాల్సి వచ్చినా కలపమని అడగొచ్చు. ఖర్చు పెరిగితే నీడ్ పెరుగుతుంది, పెరిగిన నీడ్‌లో మీ 3,000లో కొంతైనా సర్దుకుంటుంది. బిల్లులు, కొటేషన్లు చూపించాలి.

అమ్మాయే రాయాలి, అమ్మాయి ఈమెయిల్ నుంచే వెళ్లాలి. కాలేజీలో చేరాక విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఫెర్పా చట్టం కింద అమ్మాయి అనుమతి లేనిదే మీతో మాట్లాడనక్కర్లేదని ఆఫీసు వాళ్లు చెప్పొచ్చు. మన ఇళ్లలో నాన్నగారే ఫోన్ చేసి గట్టిగా మాట్లాడటం అలవాటు. ఈ ఆఫీసుల్లో అది ఎదురు తిరుగుతుంది. సౌమ్యంగా, అంకెలతో, జవాబు రాతపూర్వకంగా ఇవ్వమని కోరుతూ రాయమనండి. ఆ మెయిల్‌లోనే మరో ప్రశ్న కూడా ఉండాలి. ఈ స్కాలర్‌షిప్‌లు ఒక్క ఏడాదివే అయితే, వచ్చే ఏడాది గ్రాంటు మళ్లీ 41,000కి వస్తుందా? గ్రాంటు ఏటా కొత్తగా లెక్కిస్తారు. ఒక ఏడాది తగ్గిన గ్రాంటు బయటి డబ్బు ఆగిపోయాక తిరిగి పెరుగుతుందన్న హామీ ఉందో లేదో ఇప్పుడే తెలుసుకోవాలి. నన్ను అడిగితే ఈ ఏడాది పోయిన 3,000 కంటే ఈ ప్రశ్నే ముఖ్యం. జవాబు తేడాగా వస్తే నష్టం మూడేళ్లు వస్తుంది.

చెప్పకుండా ఊరుకోవడం గురించి. బయటి సహాయం వస్తే కాలేజీకి తెలియజేయాలన్నది అవార్డు షరతుల్లోనే ఉంటుంది. పైగా చాలా సంస్థలు చెక్కు కాలేజీ పేరు మీదే రాస్తాయి, కాబట్టి దాగదు. అక్టోబర్‌లో చెక్కు వచ్చి, అప్పటికే లోన్, గ్రాంటు అకౌంట్‌లో పడిపోయి ఉంటే, దాన్ని ఓవర్‌అవార్డ్ అంటారు. అప్పుడు స్ప్రింగ్ సెమిస్టర్ సహాయంలోంచి కోస్తారు, కొన్నిసార్లు ఇచ్చినదాన్నే వెనక్కి కట్టమంటారు. జనవరిలో హఠాత్తుగా నాలుగైదు వేల బిల్లు చూసి టెన్షన్ పడిన ఇళ్లు నాకు తెలుసు. బిల్లు కట్టకపోతే తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపుతారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

ఇప్పుడు స్టేట్ యూనివర్సిటీ సంగతి. మీరు రాసిన ప్రకారం అక్కడ ఖర్చు 38,000, ఫాఫ్సాలో మీ ఎస్ఏఐ 39,000. అంటే అక్కడ మీకు నీడ్ లేదు. మెరిట్ స్కాలర్‌షిప్ 5,000 ఇచ్చారు. దాని మీద బయటి 9,000 చేరినా మొత్తం 14,000, ఖర్చుకి ఎంతో దూరం. మెరిట్ షరతుల్లో "ఇతర అవార్డులతో కలపరాదు" అని లేకపోతే 9,000 పూర్తిగా మీకే. 33,000 కట్టాల్సింది 24,000 అవుతుంది. అదే అమ్మాయి, అవే రెండు చెక్కులు, ఒకచోట మీ జేబు నుంచి పోయేదానిలో 9,000 తేడా, ఇంకోచోట సున్నా. అందుకే సీటు ఎంచుకునేటప్పుడు లెటర్‌లోని గ్రాంటు అంకె పక్కన బయటి స్కాలర్‌షిప్ పాలసీ కూడా పెట్టుకుని చూడాలి. 41,000కీ 24,000కీ ఏడాదికి 17,000 తేడా, బయటి స్కాలర్‌షిప్‌లు ఏటా వస్తే నాలుగేళ్లకి 68,000. ఆ ప్రైవేట్ కాలేజీ అంత విలువైనదా అన్నది మీ ఇంట్లో తేల్చుకోవాల్సింది. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ 41,000లో పెద్ద భాగం పేరెంట్ ప్లస్ లోన్‌తో (తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ అప్పు) సర్దుదామని అనుకుంటే మళ్లీ ఆలోచించండి. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఆ లోన్ ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం 65,000 దాటకుండా పరిమితి వచ్చింది. అమ్మాయి మొదటి ఏడాది తన పేరు మీద తీసుకోగల ఫెడరల్ లోన్ 5,500. సబ్సిడైజ్డ్ భాగం పోయినా ఆ మొత్తాన్ని అన్‌సబ్సిడైజ్డ్‌గా తీసుకునే వీలుంది, అది నీడ్‌తో ముడిపడింది కాదు. కానీ చదువుకునే రోజుల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అవసరమైతేనే.

తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లవాళ్లు ఇది చదివి భయపడకండి. పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది, 2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు) బయటి స్కాలర్‌షిప్ వల్ల తగ్గదు. కొత్త చట్టం తెచ్చిన మెలిక ఒకటుంది. 2026 జులై 1 నుంచి, ఫెడరల్ కాని గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లే కలిపి కాలేజీ మొత్తం ఖర్చుకి సమానమో ఎక్కువో అయితే పెల్ రాదు. ఇది ఫుల్ రైడ్, అంటే ఖర్చంతా స్కాలర్‌షిప్‌గానే వచ్చిన కొద్దిమందికి తగిలే విషయం.

రాష్ట్ర చట్టాల మాట కూడా కొందరు మీకు చెప్పారన్నారు. డిస్‌ప్లేస్‌మెంట్‌ని అడ్డుకుంటూ మొదట చట్టం చేసింది మేరీల్యాండ్, 2017లో, తన ప్రభుత్వ కాలేజీల వరకు. తర్వాత న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వాషింగ్టన్, కాలిఫోర్నియా ఆ దారి పట్టాయి. కాలిఫోర్నియా చట్టం 2023-24 నుంచి అమల్లో ఉంది. అది ముఖ్యంగా పెల్‌కి, ఆ రాష్ట్ర డ్రీమ్ యాక్ట్ సహాయానికి (ఇమిగ్రేషన్ పత్రాలు లేని విద్యార్థులకి రాష్ట్రం ఇచ్చేది) అర్హులైన విద్యార్థులకి రక్షణ. ఈ చట్టాలు మీరుండే రాష్ట్రాన్ని బట్టి కాదు, కాలేజీ ఉన్న రాష్ట్రాన్ని బట్టి నడుస్తాయి. మీ ఇల్లు న్యూజెర్సీలో ఉన్నంత మాత్రాన న్యూ ఇంగ్లండ్ ప్రైవేట్ కాలేజీని న్యూజెర్సీ చట్టం కట్టడి చేయదు.

మీ చుట్టూ హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి వాళ్లకోసం నాలుగు మాటలు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న కుటుంబాల పిల్లలకి ఫెడరల్ సహాయం లేదు. పెల్, సబ్సిడైజ్డ్ లోన్, వర్క్-స్టడీ ఏవీ రావు. కాబట్టి పైన చెప్పిన ఫెడరల్ ఓవర్‌అవార్డ్ గొడవ వాళ్లకి లేదు. కాలేజీ సొంత సహాయం ఉంటే దాని పాలసీయే చూసుకోవాలి. అయితే ఒక ఇబ్బంది ఉంది. లోన్, వర్క్-స్టడీ అనే మెత్తటి పొర వాళ్ల ప్యాకేజీలో ఉండకపోవచ్చు. అప్పుడు నీడ్ పూర్తిగా పూడ్చే కాలేజీల్లో బయటి డబ్బు నేరుగా గ్రాంటు మీదే పడే ప్రమాదం ఎక్కువ. చాలా స్కాలర్‌షిప్‌లు సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ అడుగుతాయి. పిల్ల అయిదు వ్యాసాలు రాశాక కాదు, రాయకముందే అర్హత లైను చదవండి. 21 ఏళ్లు దాటి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి వస్తే మెరిట్ స్కాలర్‌షిప్, ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రవాసులకి ఉండే తక్కువ ఫీజు) కొనసాగుతాయా అన్నది కూడా చేరేముందే రాతపూర్వకంగా అడగండి.

లోన్లు తీసేసిన కాలేజీల్లోనూ ఇదే తంతు. ప్రిన్స్‌టన్ 2001లోనే ప్యాకేజీల్లో లోన్ తీసేసి గ్రాంటు పెట్టింది, తర్వాత మరికొన్ని పెద్ద కాలేజీలు అదే చేశాయి. విద్యార్థికి ఇది గొప్ప మేలు. కానీ అక్కడ బయటి డబ్బు పట్టే ఖాళీ అంటూ ఉంటే సాధారణంగా క్యాంపస్ పని వాటా, కొన్నిచోట్ల వేసవి వాటా. అది నిండాక వచ్చేదంతా కాలేజీ గ్రాంటుకే ఆదా. అలాంటి చోటికి వెళ్లే పిల్లలు హైస్కూల్ ఆఖరి ఏడాదంతా 500 డాలర్ల పోటీలకి వ్యాసాలు రాస్తూ నిద్ర చెడగొట్టుకోవడం నాకు వృథా శ్రమ అనిపిస్తుంది. ఆ సమయం కాలేజీకే అప్పీల్ రాయడానికి పెడితే మేలు. ఉద్యోగం పోవడం, జీతం తగ్గడం, ఇంట్లో పెద్ద వైద్య ఖర్చు, ఇండియాలో అమ్మానాన్నలకి నెలనెలా పంపే డబ్బు లాంటివి సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో ప్రత్యేక పరిస్థితులు రాసే చోట వివరించాలి. ఇండియాకి పంపే డబ్బుని కొన్ని కాలేజీలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఐటీలో లేఆఫ్ అయితే దాదాపు అందరూ చూస్తారు. అప్పీల్‌తో 41,000 అనే అంకె ఒక్కసారి తగ్గిందంటే, ఏ బయటి చెక్కూ చేయలేని పని అది చేస్తుంది.

పన్ను విషయం క్లుప్తంగా. స్కాలర్‌షిప్ డబ్బు ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకి వాడితే పన్ను లేదు. గది, భోజనానికి వాడిన భాగం విద్యార్థి ఆదాయం కిందికి వస్తుంది. వేరే ఆదాయం పెద్దగా లేని పిల్లలకి చాలాసార్లు స్టాండర్డ్ డిడక్షన్‌లోనే పోతుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కాలేజీ ఖర్చుకి పన్నులో ఇచ్చే తగ్గింపు) ఏడాదికి 2,500 వరకు రావాలంటే స్కాలర్‌షిప్‌తో కాకుండా మీరు కట్టిన ట్యూషన్ 4,000 ఉండాలి. జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్లకి ఆదాయం 1,60,000 దాటితే తగ్గడం మొదలై 1,80,000 దగ్గర పూర్తిగా పోతుంది. స్కాలర్‌షిప్‌లు ట్యూషన్ మొత్తాన్నీ మింగేసే పరిస్థితి ఉంటే, షరతులు ఒప్పుకున్నప్పుడు అందులో 4,000ని భోజనం, గది ఖాతాలో చూపి క్రెడిట్ నిలబెట్టుకోవచ్చు. మీ ప్రైవేట్ కాలేజీ కేసులో ఆ అవసరం రాదు, ట్యూషన్‌లో మీరు కట్టేది అంతకంటే ఎక్కువే. స్టేట్ యూనివర్సిటీ అయితే మీ సీపీఏతో (పన్నుల అకౌంటెంట్) ఒకసారి మాట్లాడండి. 529లో (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) డబ్బు దాచి ఉంటే, వచ్చిన స్కాలర్‌షిప్ అంత మొత్తాన్ని పది శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద మామూలు పన్ను మాత్రం పడుతుంది.

ముందు క్లబ్బుకి ఉత్తరం, దాని జవాబు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు కాలేజీకి మెయిల్. మే 1 లోపు సీటు ఖాయం చేయాలి కాబట్టి, జవాబు ఆ లోపు కావాలని మెయిల్‌లోనే రాయించండి. అప్పటికి రాకపోతే, కాలేజీ పంపిన సవరించిన లెటరే ఆఖరిదనుకుని స్టేట్ యూనివర్సిటీ అంకెతో పోల్చుకోండి. కాలేజీ ఏం రాసిందో పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.